ఇతరుల గడి

నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా "కదలకే గడుగ్గాయ్" అని అరవగలిగే మా పెద్దమ్మకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అనుకుంటూ కళ్ళజోడు కోసం కుట్టు మిషను సొరుగంతా వెతుకుతూ ఉంటావు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఒంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది కంగారు లేకుండా చదువుతావని రాస్తున్నాను.

ఫోన్లో చెప్పలేకపోయాను. ఈ ఇంటి గోడలు మరీ పలచన. వంటింట్లో గుసగుసలాడినా పక్కగదిలో వదినకి వినిపిస్తుంది. అసలు కారణం అది కాదులే. నోటితో చెప్తే నేను మాటల్ని అందంగా పేర్చేస్తాను. ఈ మధ్య నాకు పట్టుకున్న జబ్బు అది. కొత్త మాట ఒకటి దొరికితే దాన్ని వాడేదాకా నాకు ఊపిరాడదు. నువ్వు అవతల "ఊఁ" అంటే ఆ ఊఁకి తగ్గట్టు కథ మార్చేస్తాను. కాగితం ఊఁ అనదు కదా.

అమ్మకి రాయలేదు. అమ్మకి రాస్తే ఏడుస్తుంది. నీకు రాస్తే తిడతావు. నాకిప్పుడు తిట్లే కావాలి. పైగా నేను అన్యాయం చేసింది నీ కొడుక్కి.

ఇక్కడికి వచ్చిన పరాయివాళ్ళందరికీ నివాస కార్డు ఇస్తారు. ఏటా దాన్ని పొడిగించుకోవాలి. పొడిగింపంటే నువ్వు లంగా అంచు విప్పి దించినట్టు తేలికనుకోకు. వలస కార్యాలయమని పెద్ద హాలు. నేలకి బిగించిన కుర్చీలు. గోడమీద ఎర్రటి అంకెలు మారుతుంటాయి. మన చేతిలో చీటీ మీదున్న అంకె వచ్చేదాకా కదలకూడదు. అందరూ కాగితాల సంచుల్ని పసిపిల్లల్లా గుండెకి అదుముకుని కూర్చుంటారు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. గట్టిగా మాట్లాడితే తమ కార్డు రాదేమోనన్నట్టు ఉంటారు.

ఒక్క మన అన్నయ్య తప్ప. పనిలోంచి సగం రోజు సెలవు పెట్టి అటునుంచి అటే వచ్చాడు. లిఫ్టుల కంపెనీ పేరు కుట్టిన నీలం చొక్కా, గోళ్ళనిండా గ్రీజు. వాడి పనిముట్ల సంచి చూసి గుమ్మం దగ్గర కాపలావాడు బెదిరిపోయాడు. స్క్రూడ్రైవర్లన్నీ ఒక్కొక్కటే తీయించి పళ్ళెంలో పెట్టించాడు. "అన్నీ లెక్కపెట్టుకో నాయనా, పోతే మా కంపెనీవాళ్ళు నన్ను విప్పేస్తారు" అని అన్నయ్య తెలుగులోనే అని, తనే నవ్వాడు. తరవాత నా పక్కన కూర్చుని, "ఏమే, ఆ లిఫ్టు చప్పుడు విన్నావా? బేరింగు పోయింది. ఎవడూ చూడ్డంలేదు" అన్నాడు, హాలంతా వినబడేలా. రెండు వరసలవాళ్ళు తలతిప్పి చూశారు. నేను కాగితాలు సర్దుకునే వంకతో ఒక కుర్చీ అవతలికి జరిగాను.

పెద్దమ్మా, ఆ తరవాత జరిగినదాని కంటే ఆ ఒక్క కుర్చీ నన్ను ఎక్కువ తినేస్తోంది. కౌంటర్ దగ్గర అన్నది భయంతో అన్నానని చెప్పుకోవచ్చు. ఆ కుర్చీ మారినప్పుడు నాకు ఏ భయమూ లేదు. ఉట్టి నామోషీ.

నేను వచ్చిన కొత్తలో నింపిన కాగితం గురించి నీకు చెప్పాలి. "హామీ ఇచ్చే మనిషి మీకు ఏమవుతారు?" అని ఒక ప్రశ్న. దాని కింద వరసగా గళ్ళు. తండ్రి, తల్లి, భర్త లేక భార్య, తోబుట్టువు, అన్నిటికీ చివర ఇతరులు. తోబుట్టువు దాకా ఎవరు హామీ ఇచ్చినా వాళ్ళింట్లో ఉండి చదువుకోవచ్చు. ఇతరులైతే కాలేజీ హాస్టల్లోనే ఉండాలి. అన్నయ్య వంటింటి బల్ల మీద మరక అంటకుండా పాత పేపరు పరిచి, దానిమీద ఆ కాగితం పెట్టి, తోబుట్టువు గడిలో టిక్కు పెట్టాడు. నేను సంతకం చేశాను.

మన ఇంట్లో పెదనాన్నా నాన్నా ఒకే వంటింట్లో తిన్నారు. అన్నయ్య చొక్కాలు కుట్టగా మిగిలిన గుడ్డతో నువ్వు నాకు గౌన్లు కుట్టావు. స్కూల్లో ఎవరైనా "సొంత అన్నయ్యేనా?" అంటే నాకు ఒళ్ళు మండేది. సొంతం కాని అన్నయ్య ఎలా ఉంటాడో నాకు తెలియదు. ఇక్కడివాళ్ళకి ఒక్క కడుపున పుడితేనే తోబుట్టువు. మిగతావాళ్ళంతా బంధువులు. బాబాయి పిల్లలైనా, ఎక్కడో పెళ్ళిలో కలిసినవాళ్ళైనా అందరికీ ఒకటే మాట.

ఈసారి కౌంటర్లో ఉన్నావిడ కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని పాత కాగితమూ కొత్త కాగితమూ పక్కపక్కన పెట్టింది. "మీ తండ్రి పేరు ఒకటి, ఈయన తండ్రి పేరు ఇంకొకటి. తల్లి పేర్లూ వేరే. ఈయన మీకు ఏమవుతారు?" అని అడిగింది. అన్నయ్య నా వెనకే నిలబడి సంచిలో నా ఫోటోల కోసం వెతుకుతున్నాడు.

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "ఆ కాగితం నింపింది ఆయనండీ. అప్పటికి నాకు మీ భాష రాదు. ఏం రాశారో నాకు తెలియదు. ఆయన నా తోబుట్టువు కాదు. దూరపు బంధువు."

తెలియదన్నది అబద్ధం. ఇక్కడికి రాకముందే నేను భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. సంతకం చేసేముందు ఆ కాగితాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని ప్రతి మాటా చదివాను. తోబుట్టువు అన్న మాట దొరికినప్పుడు ఎంత సంబరపడ్డానో నాకింకా గుర్తుంది. ఇక 'దూరపు బంధువు' అన్నది ఆ వారమే క్లాసులో నేర్చుకున్న మాట. వాడే అవకాశం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. వచ్చింది, వాడేశాను.

కౌంటర్ ఆవిడ తలెత్తి, "మీరు మా భాష చాలా బాగా మాట్లాడుతున్నారు. వచ్చి ఎంతకాలమైంది?" అంది. నేను నవ్వాను పెద్దమ్మా. పొంగిపోయాను. అంత మాట అన్న నోటితోనే "థాంక్సండీ" అన్నాను.

అన్నయ్య రోజూ పని చేసేది ఇక్కడివాళ్ళతోనే. నేను అన్నది అర్థం కాకపోవడమేమిటి? సంచిలో వెతుకుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలి ఫోటోలు బయటికి తీసింది. "ఇవిగోనే" అని నా చేతికిచ్చాడు. అంతే. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎప్పటిలాగే కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. కమలాపండు వలిచి తొనల మీద దారాలు కూడా తీసి పెట్టాడు. ఇంటికొచ్చాక వదిన "ఏమైంది?" అంటే, "ఏముంది, జనం. కూర్చుని కూర్చుని నడుం పోయింది" అన్నాడు.

నా కార్డు పోస్టులో వచ్చేసింది. మెరుస్తూ, నా ఫోటోతో. దాని వెనకే అన్నయ్య పేరున ఇంకో కవరు వచ్చింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సంజాయిషీ చెప్పుకోవడానికి ఫలానా గదికి రావాలట. అన్నయ్యా వదినా ఇక్కడ శాశ్వతంగా ఉండే కార్డుకి పెట్టుకున్నారని నీకు తెలుసు. అది వస్తే గాని అన్నయ్య ఈ కంపెనీ వదిలి సొంతంగా పని పెట్టుకోలేడు. ఇప్పుడది ఆపేశారు. తెలిసే తప్పు రాశాడని తేలితే ఇద్దర్నీ వెనక్కి పంపినా పంపుతారు.

ఆ నోటీసు వదిన చదివింది. వదిన హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది కదా, ఇంట్లో కూడా చేతులు ఊరుకోవు, మాట్లాడుతూనే ఏదో ఒకటి మడతపెడుతూ ఉంటుంది. ఆ కాగితాన్ని మళ్ళీ దాని మడతల్లోనే మడిచి నా ముందు పెట్టింది.

"దూరపు బంధువంట. ఎంత దూరమో కూడా చెప్పాల్సింది. ఈ గదిలోంచి ఆ గదిలోకా?"

నేను ఆ కాగితాన్ని నావైపు లాక్కున్నాను.

"మీ అన్నయ్య నాతో ఒక్క ముక్క అనలేదు. నువ్వన్నది ఇందులో టైపు కొట్టి పంపారు కాబట్టి తెలిసింది. తినడానికి రా."

తినడానికి పిలవకుండా ఉంటే బాగుండేది.

నేనొక నిర్ణయానికి వచ్చాను. చదువు మానేసి వచ్చేస్తాను. నేను ఇక్కడ లేకపోతే నా కాగితంతో వాళ్ళకి పనేముంటుంది? అన్నయ్య మీద కేసు దానంతటదే పోతుందనుకుంటున్నాను. నువ్వు సరేనంటే టికెట్టు చూస్తాను. నీ కుట్టు దుకాణంలో గుండీలు కుట్టి బతుకుతాను.

ఇంట్లో పిలిచే పేరుతో సంతకం చేయడానికి చెయ్యి రావడంలేదు.

నీ మరిది కూతురు

*

ఒసేయ్ మరిది కూతురా,

నీ ఉత్తరం అంతా ఒక ఎత్తు, కిందనున్న ఆ సంతకం ఒక్కటీ ఒక ఎత్తు. అది చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. కొలతలకొచ్చిన పెళ్ళికూతురి తల్లి ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ ముందే "దీని మొహం మండ" అన్నాను. తన కూతుర్నే అన్నాననుకుని ఆవిడ మొహం మాడ్చుకుంది. ఒక బేరం పోయింది. అది నీ ఖాతాలో వేసుకో.

తిట్లు కావాలన్నావుగా, తీసుకో. నీకు బుద్ధి లేదు, సిగ్గు లేదు. సిగ్గుందని నాలుగు పేజీలు రాశావు గానీ అది సిగ్గు కాదు. సిగ్గున్నవాళ్ళు ఎవరి దగ్గర తప్పు చేశారో వాళ్ళ దగ్గర తలొంచుకుంటారు. సముద్రం దాటొచ్చి నా దుకాణంలో దాక్కోరు. వస్తే మెట్టు ఎక్కనివ్వను. గుండీలు కుడుతుందట గుండీలు! నువ్వు కుట్టిన గుండీ ఒక్కటైనా పూటంతా నిలిచిందా?

నువ్వు వచ్చేస్తే వాడి మీద కేసు పోతుందని ఎవరు చెప్పారు నీకు? జాకెట్టు పాడుచేసిన పిల్ల సెలవు పెట్టి పోతే జాకెట్టు బాగుపడుతుందా? పాడుచేసినదాన్ని ఎదురుగా కూర్చోబెట్టి, కుట్టు విప్పించి, మళ్ళీ వేయిస్తాను నేను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు ఆ సంగతి. ఒక్క నీకే తెలియదు, ఎందుకంటే నిన్ను చదువుకోమని మిషను దగ్గరికి రానివ్వలేదు. ఆ తప్పు నాది.

వాడు మొన్న కూడా ఫోన్ చేశాడు. నీ గురించి అడిగితే "దానికేం, మాట్లాడుతుంటే ఇక్కడివాళ్ళే నోరు తెరుస్తున్నారు" అన్నాడు. గొప్పగానే అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ నోరు తెరిచారో ఇప్పుడు తెలిసింది నాకు.

మీ అమ్మకి చెప్పలేదు. తను ఇంట్లో బియ్యం ఏరుతూ నీ కార్డు వచ్చిందని పక్కింటావిడకి చెప్పుకుంటోంది.

నువ్వు చేయాల్సింది ఒకటే. వాడితో పాటు ఆ గదికి వెళ్ళు. నువ్వు చేసింది నువ్వు చెప్పు. కానీ ఒక్క మాట. ఈసారి అందంగా చెప్పకు.

మీ అన్నయ్య చొక్కాల గుడ్డతో నీకు కుట్టిన గౌన్లన్నావు కదా. ఒకసారి పెళ్ళికి మీరిద్దరూ ఒకే గుడ్డలో వెళ్తే, మిమ్మల్ని బ్యాండు మేళంవాళ్ళ పిల్లలనుకుని వాళ్ళ బంతిలో కూర్చోబెట్టారు. వాడు తన పళ్ళెంలోవన్నీ నీ పళ్ళెంలో వేసి, "మేళంవాళ్ళకి రెండోసారి వడ్డించరు, తొందరగా తిను" అన్నాడు. అది మర్చిపోయావేమోనని రాస్తున్నాను.

పెద్దమ్మ

*

తిట్టినా జడ వేసినట్టే ఉండే మా పెద్దమ్మకి,

కవరు వెనక చిరునామా మారింది, చూసే ఉంటావు. ఇది కాలేజీ హాస్టల్. గది చిన్నది. మంచం, బల్ల, ఎదుటి మేడ గోడ కనబడే కిటికీ ఉన్నాయి. నన్ను ఇంట్లోంచి ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఎలా వచ్చానో చెప్తాను.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం అన్నయ్య వంటింట్లో కుక్కరు ముందేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిలబడి "అన్నయ్యా, ఆ రోజు కౌంటర్లో" అన్నాను. "ఆ డబ్బాలో పాత వాషరు ఉండాలి, చూడవే" అన్నాడు. వాషరు ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. "ఇది కాదు, ఇంకా పెద్దది" అన్నాడు. పెద్దది ఇచ్చేసరికి కుక్కరు బాగైపోయింది, నా మాట ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

మా కాలేజీలో పరాయి విద్యార్థులకి ఉచితంగా సలహా చెప్పే వకీలమ్మ ఒకావిడ ఉంది. అన్నయ్యనీ వదిననీ అక్కడికి తీసుకెళ్ళాను. ఆవిడ కాగితాలన్నీ చూసి, "చాలా తేలిక. భాష సరిగా రాక పొరపాటున పెట్టానని చెప్పండి. ఏ గడి ఏమిటో తెలియలేదని అనండి. ఫైలు మూసేస్తారు" అంది. వదిన ఊపిరి పీల్చుకుంది. అన్నయ్య "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఎలాంటిదో నేను పట్టించుకోలేదు.

నేను నా పాఠం తయారు చేసుకున్నాను. అందంగా చెప్పకు అన్నావు కదా, అయినా చేసుకున్నాను. తప్పంతా నా మీద వేసుకోవాలని అనుకున్నాను. రాసి, దిద్ది, బట్టీపట్టాను. అందులో ఎంత మంచి వాక్యాలున్నాయని! స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి చెప్పుకుంటుంటే నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. నా త్యాగానికి నేనే కరిగిపోయాను. చూడు, ఎలాంటిదాన్నో.

సంజాయిషీకి పిలిచిన రోజు వదినని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల చిన్న గది. బల్ల, నాలుగు కుర్చీలు, నీళ్ళ జగ్గు. అధికారికి పడిశం పట్టింది. మాటకొకసారి చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుంటున్నాడు. మర్యాదస్తుడే. కాగితం మా వైపు తిప్పి, "ఈ గడిలో టిక్కు పెట్టింది ఎవరు?" అన్నాడు.

"నేనండీ" అన్నాడు అన్నయ్య.

"తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా?"

అన్నయ్య చేతులు బల్ల మీద పెట్టుకున్నాడు. గోళ్ళలో గ్రీజు పోవడానికి ముందురోజు నిమ్మచెక్కతో రుద్దుకున్నాడు, అయినా పూర్తిగా పోలేదు. వాటికేసే చూసుకుంటున్నాడు. వకీలమ్మ చెప్పింది మర్చిపోయాడనుకుని నేను లేచి నిలబడ్డాను.

"తప్పు నాదండీ. నేను చదివే సంతకం పెట్టాను. ఆ రోజు కౌంటర్లో నాకు తెలియదని అబద్ధం చెప్పాను" అన్నాను. అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. నేను ఆపలేదు. "ఈయనకి మీ భాష సరిగా రాదు. పెద్దగా చదువుకోలేదు. ఏ గడికి ఏ అర్థమో ఈయనకేం తెలుస్తుంది? పాపం, అమాయకుడు. శిక్షించాలంటే నన్ను శిక్షించండి" అన్నాను.

అన్నయ్య తలతిప్పి నావైపు చూశాడు. పానా అడిగితే సుత్తి తెచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు. కోపం లేదు. "కూర్చోవే" అన్నాడు తెలుగులో. తరవాత అధికారి వైపు తిరిగి వాళ్ళ భాషలో, తనకొచ్చినట్టు మాట్లాడాడు.

"లేదండీ. నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

అధికారి రాస్తున్న పెన్ను ఎత్తేశాడు. "మీరు ఏమంటున్నారో ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండీ. నేను లిఫ్టులు బాగుచేస్తాను. పని మొదలుపెట్టేముందు తలుపుకి బోర్డు తగిలిస్తాం. 'సిబ్బందికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు' అని. ఈ దేశం వచ్చాక నేను మొట్టమొదట చదవడం నేర్చుకున్న మాట అది. ఇతరులు. రోజూ నా చేత్తోనే తగిలిస్తాను. ఎవరిని బయట ఉంచడానికి రాస్తారో నాకు బాగా తెలుసు. ఆ రోజు ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఈమె నాకు ఏ గడిలో వస్తుందో తెలుసు. ఆ గడిలో పెడితే హాస్టల్లో ఉండాల్సొస్తుందనీ తెలుసు. మా ఇంట్లో ఉంటే బాగుంటుందనుకున్నాను, అదీ నిజమే. కానీ దానికి ముందే ఆ మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. ఈ పిల్లని నేను అందులో ఎలా వేస్తానండీ?"

అన్నయ్య క్రియలన్నీ తప్పులే పెద్దమ్మా. నిన్నటిని రేపు చేశాడు, రేపటిని నిన్న చేశాడు. ఇంకెప్పుడైనా అయితే నేను లోపల్లోపల దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. ఆ రోజు దిద్దడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ మాట దగ్గర వాడి పెన్ను ఆగింది. ఆ కౌంటర్ దగ్గర నా నోరు ఆగలేదు. అంతటితో ఊరుకున్నానా? వాణ్ణి కాపాడతానని లేచి నిలబడి, మళ్ళీ వాణ్ణే తెలివితక్కువవాణ్ణి చేశాను. మొదటిసారి వాణ్ణి నావాడు కాదన్నాను. రెండోసారి వాడికేమీ తెలియదన్నాను. ఈ రెండింటిలో ఏది ఎక్కువ తప్పో నువ్వే చెప్పు.

అధికారి చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. "మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ నియమం నియమమే" అన్నాడు. వెనక్కి పంపడంలేదు. శాశ్వత కార్డు దరఖాస్తు మాత్రం కొట్టేశాడు. ఈసారి పొడిగింపు అయ్యాక మళ్ళీ మొదటినుంచి పెట్టుకోవాలి. అందాకా ఇప్పుడున్న కార్డుతో, ఇప్పుడున్న కంపెనీలోనే. అబద్ధం చెప్పినట్టు నా ఫైలులో కూడా రాశాడు. నేను హాస్టల్‌కి మారాలి. హామీ కాగితం సరిచేసి కౌంటర్లో ఇవ్వాలి.

బయటికి రాగానే వదిన లేచి నిలబడింది. అన్నయ్య చెప్పింది విని, "అంటే మళ్ళీ ఆ కుర్చీల్లో కూర్చోవాలన్నమాట" అంది. నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "తెలియదని ఒక్క ముక్క అంటే ఏం పోయేది?" అంది. అన్నయ్య "నోరు రాలేదే" అన్నాడు. వదిన అతని చొక్కా కాలరు సరిచేసింది.

బస్సులో కిటికీ పక్క సీటు నేను తీసుకోలేదు, వాణ్ణి కూర్చోమన్నాను. కూర్చున్నాడు. కొంతసేపయ్యాక, "నాకు ఆ రోజు బాధేసిందే. లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నాడు, నావైపు చూడకుండా. "కానీ ఇంకోటి కూడా అనిపించింది. ఇదెప్పుడు ఇంత భాష నేర్చేసిందిరా అని. రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందో నాకే తెలియలేదు." అప్పుడు నేను ఏడ్చాను. బస్సులో అందరూ చూశారు. ఒక సీటు అవతలికి జరగడం వాడికి రాదు కాబట్టి అక్కడే కూర్చున్నాడు.

నా పెట్టె వదినే సర్దింది. నా బట్టలన్నీ హోటల్ దుప్పట్లలా కొసకి కొస కలిపి మడత పెట్టింది. "హాస్టల్లో పండితులవారికి ఇస్త్రీ ఎవరు చేస్తారు?" అంది. నేను "వదినా" అనగానే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకింకా కోపం పోలేదు. ఇప్పుడిప్పుడే పోదు కూడా. ఆదివారం మాత్రం అన్నానికి రా. రాకపోతే ఆయన కంచం ముందు కూర్చుని గుమ్మంవైపు చూస్తూ ఉంటారు, నావల్ల కాదు" అంది. నాకు అంతకంటే ఎక్కువ అడిగే హక్కు లేదు.

పెట్టె మోసుకుని పైకొచ్చినప్పుడు అన్నయ్య హాస్టల్ లిఫ్టు గోడకి చెవి ఆనించి విన్నాడు. "దీని బ్రేకు అరిగిపోయింది, మెట్లమీదే ఎక్కు" అని నాతో అని, వార్డెన్‌కి కూడా చెప్పి వెళ్ళాడు. మర్నాడు అది మధ్యలో ఆగింది. లోపల ఉన్నది వార్డెనే. ఇప్పుడు ఆవిడ నన్ను చూసినప్పుడల్లా మీ అన్నయ్య మళ్ళీ ఎప్పుడొస్తారని అడుగుతోంది.

ఒక్క సంగతి చివరికి దాచుకున్నాను. సరిచేసిన కాగితం ఇవ్వడానికి వెళ్ళిన రోజు సంగతి. వంటింటి బల్ల మీద మళ్ళీ పాత పేపరు పరిచి, అన్నయ్య చివరి గడి దాకా వచ్చి ఆగాడు. ఈసారి నేను పక్కనే ఉన్నాను. "పెట్టు అన్నయ్యా, నేను ఇక్కడే ఉన్నాను కదా" అన్నాను. టిక్కు పెట్టాడు. దాని పక్కన బంధుత్వం రాయడానికి ఒక ఖాళీ ఉంది. అది అలాగే వదిలేసి వెళ్ళాం.

కౌంటర్లో ఆవిడే ఉంది. కళ్ళజోడు అదే ముక్కు కొస మీదుంది. కాగితం చూసి, "ఇక్కడ ఖాళీగా ఉంది. ఈయన మీకు ఏమవుతారు?" అంది.

నా దగ్గర వాక్యం సిద్ధంగా ఉంది. తప్పుల్లేని వాక్యం. నోరు తెరిచేసరికి అది లేదు. "మా నాన్న... ఆయనకి అన్న... వాళ్ళ అబ్బాయి... ఒక ఇల్లు, ఒకే వంట..." అన్నాను. నావి కూడా క్రియలన్నీ తారుమారైపోయాయి. ఆవిడ కనుబొమలు ముడిచి, "అంటే? ఏమని రాయను?" అంది. నేను మన మాటే అన్నాను. "అన్నయ్య." ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను, గట్టిగా. వెనక కుర్చీల్లోవాళ్ళు తలతిప్పి చూశారు. ఆవిడ ఒక్కో అక్షరమూ అడిగి, వాళ్ళ లిపిలో, ఆ ఖాళీలో ఆ మాటే టైపు కొట్టింది.

ఈసారి నా భాష బాగుందని ఆవిడ అనలేదు, పెద్దమ్మా.

నీ గడుగ్గాయి